తోడడానికి నీళ్లు కావాలి

క్వారీ మేనేజరు గోపాలకృష్ణ గారు ఆ రోజు పొద్దున్నే లేచి, మంగళగిరి నేత చొక్కా తొడుక్కుని, జేబులో ఒక కాగితం మడిచి పెట్టుకున్నారు. ఆ రోజు జరగవలసిన కార్యక్రమమంతా అందులో నిమిషాలతో సహా రాసి ఉంది. పదిన్నరకు ఓనరు గారి రాక. పది నలభైకి కొబ్బరికాయ. పది నలభై అయిదుకు కొత్త పంపు ప్రారంభం. పది యాభైకి ఆపరేటరు సాల్మన్‌కు శాలువా, ఆ తర్వాత అయిదు నిమిషాలకు పాత ఇంజను పాత ఇనుము లారీలో బయల్దేరడం. పదకొండింటికి టిఫిను, పదకొండుంబావుకు ఓనరు గారు కారెక్కడం. పెళ్లి ముహూర్తాలు పెట్టే పంతులు గారు కూడా ఇంత పట్టుగా రాయరు. కొబ్బరికాయ పీచు తీయించడం దగ్గర్నుంచి అన్నీ గుర్తుపెట్టుకున్న ఆ పెద్దమనిషి, పంపు తిరగాలంటే నీళ్లుండాలన్న ఒక్క సంగతి రాసుకోలేదు.

పిడుగురాళ్ల దాటి, సున్నపు బట్టీల పొగ వెనకబడ్డాక వచ్చే సున్నపురాయి క్వారీ అది. అరవై అడుగుల లోతు. ఎంత ఎండల్లోనైనా రాతి సందుల్లోంచి ఊట వస్తూనే ఉంటుంది. ఆ నీళ్లన్నీ అడుగున ఒక మూల తవ్విన సంపులోకి చేరతాయి. నాలుగు రోజులు తోడకపోతే సంపు పొర్లి, లారీల చక్రాలు బురదలో దిగబడి, రాయి పైకి రావడం ఆగిపోతుంది. పందొమ్మిదేళ్లుగా ఆ నీళ్లు తోడుతున్నది పది హార్స్‌పవర్ ఆయిల్ ఇంజను ఒకటి, దాని పక్కన సాల్మన్. తోడిన నీళ్లు పైనున్న కుంటలో పడతాయి. కుంట చుట్టూ మిరప చేలు. కంపెనీకి పీడ వదిలేది, రైతులకు తడి దొరికేది, ఎవరికీ ఎవరూ దణ్ణం పెట్టనక్కర్లేకుండా ఏళ్లు గడిచిపోయాయి.

సాల్మన్‌కు ఆ ఇంజను దగ్గర పొద్దు ఎలా గడిచేదో ఎవరికీ పట్టేది కాదు. దసరాకు తోటివాళ్లు దానికి బొట్టు పెడతామంటే సరేననేవాడు. క్రిస్మస్ ముందురోజు మాత్రం తానే కిరసనాయిలుతో దాన్ని కడిగేవాడు. ఆ విధంగా రెండు మతాల వారి ఆశీస్సులూ పొంది అది ఆగకుండా నడిచింది.

కొత్త పంపు కొనాలన్న ఆలోచన ఓనరు శ్యామ్ సుందర్ గారికి నీళ్లను చూసి రాలేదు, పక్క క్వారీని చూసి వచ్చింది. వాళ్లు ముప్ఫై హార్స్‌పవర్ పంపు పెట్టారు. మనది నలభైకి తగ్గితే మర్యాదగా ఉండదని ఆయన గుంటూరు నుంచి కాగితం పంపారు. మెయింటెనెన్సు ఇంజనీరు జయకుమారి దానికి జవాబుగా ఒక పేజీ నోటు రాసింది. పంపును హార్స్‌పవర్ చూసి కొనకూడదు. నీళ్లు ఎంత ఎత్తుకు ఎక్కాలి, గంటకు ఎన్ని రావాలి అని రెండూ చూడాలి. మనకు ఎక్కవలసిన ఎత్తు తక్కువ, రావలసిన నీళ్లు ఎక్కువ. క్యాటలాగులో ఓనరు సార్ టిక్కు పెట్టిన పంపు ముప్ఫై అంతస్తుల మేడ మీదికి కొద్దికొద్దిగా నీళ్లు పంపే రకం. ఇదీ ఆమె రాసింది. పిడుగురాళ్ల చుట్టుపక్కల ముప్ఫై అంతస్తుల మేడ ఎక్కడా లేదని కూడా చివర్లో ఒక వాక్యం చేర్చింది.

గోపాలకృష్ణ గారు నోటంతా చదివి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "ముప్ఫై అంతస్తులు ఎక్కించేది అరవై అడుగులు ఎక్కించలేదా అమ్మా?"

ఎక్కిస్తుందని ఆమె ఒప్పుకోక తప్పలేదు. ఆ ఒప్పుకోలునే ఆయన ఇంజనీరు ఆమోదంగా ఫైల్లో రాసి, ఓనరు గారి చేత సంతకం పెట్టించేశారు.

కొత్త పంపుకు ఇంకో గొప్ప కూడా ఉంది. సంపులో నీళ్లు పెరిగితే దానంతటదే తిరుగుతుంది, తగ్గితే దానంతటదే ఆగుతుంది. కాబట్టి పక్కన మనిషి అక్కర్లేదు. శాలువా కప్పిన మర్నాటి నుంచి రావద్దని సాల్మన్‌కు వారం ముందే చెప్పేశారు. అతనికి యాభై నాలుగేళ్లు. ఒక్క ఇంజను తప్ప వేరే పని తెలియని మనిషిని ఈ వయసులో ఏ క్వారీ పిలుస్తుందని భార్య హెలెన్ వారం రోజులుగా దిగులు పడుతోంది. సాల్మన్‌కూ భయంగానే ఉంది.

సరే, ఎనిమిది గంటలయింది. గోపాలకృష్ణ గారు ఏర్పాట్లు చూద్దామని క్వారీలోకి దిగారు. దారి పొడుగునా రాళ్లకు సున్నం కొట్టి ఉంది. సంపు ఒడ్డున, పన్నెండో అడుగు ఎత్తులో కట్టిన సిమెంటు దిమ్మ మీద, కొత్త పంపు బంతిపూల దండతో కూర్చుని ఉంది. నీళ్లు తగ్గడం ఓనరు గారికి స్పష్టంగా కనపడాలని సంపు గోడ మీద ఒకటి నుంచి పన్నెండు దాకా అడుగుల అంకెలు ఎర్ర రంగుతో వేయించారు. అన్నీ బాగున్నాయి. సంపులో మాత్రం చుక్క నీరు లేదు. అడుగున బండ కడిగి తుడిచినట్టుంది. నిజంగానే ఎవరో కడిగి తుడిచారు.

"నీళ్లేవయ్యా సాల్మన్?"

"తోడేశానండి. నిన్న సాయంత్రానికే అయిపోయింది. అడుగున పాకుడుంటే చీపురేసి రుద్దించా."

"ఎవరు తోడమన్నారు?"

"ఓనరు గారొస్తన్నారు, ఎక్కడా నీళ్లూ బురదా కనపడకూడదని మీరే గదండీ చెప్పారు. ఆయనొచ్చినప్పుడల్లా అదే గదండీ చేస్తాం."

అందులో అబద్ధం లేదు. పందొమ్మిదేళ్లుగా పెద్దలెవరొచ్చినా క్వారీ పొడిగా ఉండాలన్నదే ఆజ్ఞ. ఈసారి పెద్దాయన వస్తున్నది నీళ్లు తోడడం చూడటానికే అన్న సంగతి తోడేవాడికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఊట మళ్లీ సంపు నింపాలంటే మూడు రోజులు పడుతుంది. ఓనరు గారి కారు అప్పటికే గుంటూరు దాటింది.

నీళ్లు లేకుండా స్విచ్చి నొక్కి బలవంతంగా ఒక్క నిమిషం తిప్పినా పంపులో నీళ్లు కారకుండా ఆపే సీళ్లు కాలిపోతాయని, కార్యక్రమం వాయిదా వేద్దామని జయకుమారి చెప్పి చూసింది. వాయిదా అన్న మాట వినగానే గోపాలకృష్ణ గారు ట్యాంకర్ల కోసం టౌనుకు ఫోను చేశారు. ఉన్న నాలుగూ ఎవరింటి పెళ్లికో వెళ్లాయి. అప్పుడాయన తలెత్తి, పైన కుంట వైపు చూశారు. కుంట నిండుగా ఉంది.

"అవి మనం తోడిన నీళ్లేగా. వెనక్కి తెచ్చుకుందాం," అన్నారు.

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వ్యవహారం. నీళ్లు తోడే పంపును ప్రారంభించడానికి గోతిలోకి నీళ్లు తోడాలి. తోడేందుకు కొత్త పంపు పనికిరాదు, అది దండ వేసుకుని బోల్టులతో బిగించి ఉంది. మిగిలింది పాత ఇంజను. అది తెల్లవారుతూనే వచ్చిన పాత ఇనుము వ్యాపారి మాబు సాహెబ్ లారీ ఎక్కేసి, తాళ్లు కూడా కట్టించుకుంది. ఎక్కించిన ఇనుము దించే అలవాటు తన వ్యాపారంలో లేదని మాబు సాహెబ్ గట్టిగానే చెప్పాడు. గోపాలకృష్ణ గారు బతిమాలగా బతిమాలగా లారీని కుంట గట్టుకు పోనిచ్చాడు.

సాల్మన్ ఇంజను దింపి, గొట్టం ఒక కొస కుంటలో వేసి, రెండో కొస క్వారీలోకి జార్చి, సంపు వెనక మూల రాళ్ల చాటున పెట్టి, ఇంజను తిప్పాడు. పందొమ్మిదేళ్లుగా నీళ్లను అరవై అడుగులు పైకి మోసిన ఇంజనుకు కిందికి పంపడం ఒక పనే కాదు. నీళ్లు వరదలా దిగాయి. తనను ఇంటికి పంపే పండగకు తనే నీళ్లు మోయవలసి వచ్చిందని సాల్మన్ మనసు కష్టపెట్టుకున్నాడు గాని, చేతిలో పనికి మాత్రం లోటు చేయలేదు.

గట్టు మీద కంపచెట్లు ఉన్నాయి కనుక ఇంజను ఎవరికీ కనపడదు. రాళ్లు పగలగొట్టే క్రషర్ మోతలో దాని మోత కలిసిపోతుంది. గోపాలకృష్ణ గారికి కొంచెం ప్రాణం లేచివచ్చింది. వెళ్తూ వెళ్తూ ఒక హెచ్చరిక చేశారు. "నేను స్వయంగా వచ్చి చెప్పేదాకా ఆపొద్దు. ఇంకెవరు చెప్పినా ఆపొద్దు. పోయినేడు మెమో గుర్తుందిగా?"

గుర్తులేకేం. పోయిన సంవత్సరం షిఫ్టు సూపర్‌వైజరు మాట విని ఇంజను ఆపినందుకు, మేనేజరు స్వయంగా చెప్పనిదే ఇంజను ఆపరాదని సాల్మన్‌కు మెమో ఇచ్చారు. ఉద్యోగంలో అతను అందుకున్న కాగితం అదొక్కటే. దాన్ని చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాడు.

పదిన్నరకు కాస్త ముందు వెళ్లి ఇంజను ఆపించాలని గోపాలకృష్ణ గారి ఆలోచన. ఓనరు శ్యామ్ సుందర్ గారు పదికే దిగారు. సంపులో నీళ్లు ఎనిమిదో అంకె దగ్గర నిగనిగలాడుతున్నాయి. ఓనరు గారిని వదిలి కుంట గట్టుకు పరిగెత్తితే బాగుండదు. పదకొండుంబావుకు ఆయన ఎలాగూ వెళ్లిపోతారు, అందాకా నాలుగు చుక్కలు ఎక్కువ పడితే కొంప మునగదు అనుకుని, మర్యాద కోసం సెల్‌ఫోను కూడా ఆపేసి, మేనేజరు గారు ఓనరు గారి పక్కనే నిలబడ్డారు.

కొబ్బరికాయ ఒక్క దెబ్బకే పగిలింది. ఓనరు గారు స్విచ్చి నొక్కారు. పైన గొట్టం మూతిలోంచి నీళ్లు తాటిచెట్టంత ఎత్తుకు సన్నగా చిమ్మి కుంట వైపు పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ నీళ్లు తన కళ్ల ముందే వచ్చి కుంటలో పడుతుంటే, అవే నీళ్లు తను మళ్లీ సంపులోకి పంపుతుంటే, గట్టు మీద సాల్మన్‌కు ఇది ఏ రకం పనో అర్థం కాలేదు. అర్థమైతేనే చేయాలని మెమోలో లేదు.

శాలువా వేళకు ఓనరు గారు సాల్మన్ ఏడని అడిగారు. పాత ఇంజను దగ్గర కూర్చున్నాడు సార్, వదల్లేకపోతున్నాడు అని గోపాలకృష్ణ గారు చెప్పారు. ఆ రోజు ఆయన చెప్పిన వాటిలో నిజం ఇదొక్కటే. ఓనరు గారి మనసు కరిగింది. అంత అభిమానం ఉన్నవాళ్లు ఈ రోజుల్లో దొరకరని, సంపు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఉండి, అతనికి తన చేత్తోనే శాలువా కప్పి వెళ్తానని, కుర్చీ వేయించుకుని టెంటు కింద కూర్చున్నారు.

అరగంట గడిచింది. టిఫిను ప్లేటు పక్కన పెట్టి ఓనరు గారు సంపు వైపు చూశారు.

"గోపాలకృష్ణ గారూ, ఇందాక ఎనిమిది మీద ఉన్నాయి నీళ్లు. ఇప్పుడు తొమ్మిది కూడా కనపడటం లేదేంటండీ?"

రంగు తడికి చెదిరి ఉంటుందని గోపాలకృష్ణ గారు అన్నారు. అని, జయకుమారి చెవిలో గొణిగి కుంట గట్టుకు పంపించారు. ఆమె ఎండలో మట్టిరోడ్డంతా ఎక్కి వెళ్లి, ఇంజను ఆపమని సాల్మన్‌కు చెప్పింది.

"మీ మాట నేను కాదంటానా మేడమ్. ఈ కాగితం కాదంటంది," అని అతను మెమో తీసి చూపించాడు. ఆమె మేనేజరుకు ఫోను చేసింది. మర్యాద కోసం ఆపిన ఫోను మోగలేదు.

ఇదంతా చెంచమ్మ చూస్తూనే ఉంది. కుంట కింద రెండెకరాలు కౌలుకు చేస్తున్న మనిషి. మిరప ఆఖరి కోతకు ముందు ఒక్క తడి పెడితే కాయ తాలు పోకుండా నిలబడుతుంది. ఆ రోజు తడి వంతు ఆమెది. కుంటలో నీళ్లు మోకాలి మట్టం దిగిపోయేసరికి ఆమె వచ్చి సాల్మన్‌ను నిలదీసింది. సాల్మన్ ఆమెకూ కాగితం చూపించాడు. కాగితాలతో పంట పండదని చెప్పి, ఆమె నేరుగా క్వారీలోకి దిగి టెంటు ముందు నిలబడింది.

"అయ్యా, మీ ఇంజనెట్టి మా కుంట లాగేస్తన్నారు. ఇయ్యాల నా వంతు. చేను ఎండిపోతే ఎవరిత్తారు?"

ఓనరు గారికి తెలిసిన యంత్రం ఆ క్వారీలో ఒక్కటే, ఎదురుగా దండ వేసుకుని తిరుగుతున్నది. "మేం ఈ గోతిలో నీళ్లు తోడుతున్నాం గదమ్మా. మీ కుంటెక్కడో పైన ఉంది. అదెట్లా తగ్గుతుంది?" అన్నారు.

చెంచమ్మ నోరు తెరిచేలోపే గోపాలకృష్ణ గారు అందుకున్నారు. ప్రాణం మీదికి వచ్చినవాడికి తెలివి పుట్టుకొస్తుంది, కాకపోతే ఏ తెలివి పుడుతుందో వాడి చేతిలో ఉండదు.

"భూమిలోంచి లాగుతోంది సార్. నలభై హార్స్‌పవర్ గదా. చుట్టుపక్కల కుంటల్లో ఊటంతా గుంజుకొస్తోంది. అందుకే మన సంపు పెరుగుతోంది."

ఒక అర నిమిషం ఓనరు గారి ఛాతీ ఉప్పొంగింది. పక్క క్వారీ ముప్ఫై హార్స్‌పవర్ ఏ కుంటనూ గుంజినట్టు ఎవరూ చెప్పలేదు. అంతలోనే రేపు పేపర్లో ఏమొస్తుందో ఆయన కళ్లకు కట్టింది. క్వారీ పంపు పెట్టి రైతుల కుంటలు ఎండబెట్టిందంటే భూగర్భజలాల ఆఫీసు వాళ్లు వస్తారు, వాళ్ల వెనక లీజు రద్దు కాగితం వస్తుంది. ఆయన కుర్చీలోంచి లేచి, ఆ పంపును తక్షణం ఆపమన్నారు.

ఆపారు. సంపులోంచి బయటికి పోతున్న ఆ కాస్త నీళ్లూ ఆగిపోయాయి. లోపలికి వచ్చేవి మాత్రం వస్తూనే ఉన్నాయి. పదో అంకె మునిగింది, ఇరవై నిమిషాల్లో పదకొండూ మునిగింది.

"ఆపినా లాగుతోందేంటయ్యా?" అన్నారు ఓనరు గారు. ఆ గొంతులో ఇప్పుడు నిజంగానే భయం ఉంది.

బంతిపూల దండ కొస నీళ్లలో తేలుతుండటం చూశాక గోపాలకృష్ణ గారు ఇక మర్యాద పక్కన పెట్టి, మట్టిరోడ్డు మీద పరుగందుకున్నారు. కుంట గట్టుకు చేరేసరికి మాట బయటికి రాలేదు. ఆపు, ఆపు అని రెండు చేతులూ ఊపారు. సాల్మన్ మెమో మరోసారి చదువుకున్నాడు. స్వయంగా చెప్పనిదే అని ఉంది. మేనేజరు గారికి ఊపిరి అంది, నోటితో ఆ ముక్క అనేదాకా వినయంగా నిలబడి, అప్పుడు ఆపాడు.

కింద అప్పటికి కొత్త పంపు మోటారు సగం నీళ్లలో ఉంది. జయకుమారి ముందుగానే దిగివచ్చి కరెంటు మెయిను తీసేసింది కాబట్టి ఎవరికీ ప్రమాదం జరగలేదు. మోటారు బతకాలంటే నీళ్లు వెంటనే తీసేయాలని, తీయగలిగింది ఈ క్వారీలో ఒక్కటే ఉందని ఆమె ఓనరు గారితో చెప్పింది. మాబు సాహెబ్ లారీ మళ్లీ కదిలింది. పొద్దుటి నుంచి ఒకే ఇనుమును రెండుసార్లు ఎక్కించి దించిన వ్యాపారి పల్నాడులో తనొక్కడేనని అతను అందరికీ వినపడేలా అన్నాడు.

సాల్మన్ ఇంజనును సంపు పైమెట్టు మీద పెట్టి, గొట్టం అడుగు మూతికుండే ఫుట్‌వాల్వు కడిగి, గొట్టంలో బకెట్టు నీళ్లు పోసి తిప్పాడు. నీళ్లు మణికట్టు లావు కాదు, తొడ లావున లేచి పైకి వెళ్లాయి. మూడింటికల్లా సంపు అడుగు బండ కనిపించింది. కుంట నిండింది, చెంచమ్మ మడవ తిప్పుకుని తన చేనుకు తడి పెట్టుకుంది. మోటారు తుడవడానికి పొడి గుడ్డ కోసం దేవులాడితే చేతికందింది శాలువా ఒక్కటే. దానితోనే తుడిచారు.

ఓనరు గారు ఇంకా వెళ్లలేదు. సాల్మన్‌ను దగ్గరికి పిలిచారు. పక్కనే గోపాలకృష్ణ గారు బురద కొట్టుకున్న మంగళగిరి చొక్కాతో నిలబడి, నేల చూపులు చూస్తున్నారు.

"ఇన్ని నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి సాల్మన్?"

సాల్మన్ మేనేజరు గారి వైపు ఒకసారి చూశాడు. ఆయన మీద జాలే వేసింది. కానీ అబద్ధం ఆడటం అతనికి చేతకాదు.

"నేనే పోశానండి."

"ఎందుకు పోశావు?"

"మీరు తోడిస్తారనండి."

ఓనరు గారు ఫైలు తెప్పించుకున్నారు. జయకుమారి నోటు ఆయన చదవడం అదే మొదటిసారి. ఎత్తు తక్కువ, నీళ్లు ఎక్కువ అన్నచోట ఆగి, సంపు వైపు చూసి, మళ్లీ చదివారు. గోపాలకృష్ణ గారిని తిట్టడానికి నోరు తెరిచి పేజీ తిప్పారు. నలభైకి తగ్గరాదని అక్కడ తన చేతిరాత, దాని కింద తన సంతకం ఉన్నాయి. తెరిచిన నోరు మూసుకుని ఫైలు కట్టేశారు. తిట్టడం మొదలుపెడితే ఎవరితో మొదలవుతుందో తెలియనంత అమాయకుడు కాదాయన.

సాయంత్రానికి ఆర్డరు టైపయింది. సాల్మన్ అరవై నిండేదాకా పనిలో ఉంటాడు, పాత ఇంజను ఎక్కడికీ పోదు. కాగితం అందుకుని సాల్మన్ అక్కడే కళ్లు తుడుచుకున్నాడు, సిగ్గుపడలేదు. హెలెన్‌కు ఫోను చేసి చెబితే, ఆమె రెండుసార్లు చదివించుకుని విన్నది. కొత్త పంపు తప్పుడు పంపు అని మాత్రం ఆర్డరులో ఎక్కడా లేదు. దాన్ని అవసరానికి ఆదుకునే స్టాండ్‌బైగా ప్రకటించి, క్వారీలోంచి పైకి ఎక్కించి, వచ్చేపోయే పెద్దలకు కనపడేలా ఆఫీసు ముందు రేకుల షెడ్డులో బిగించారు. దానికి ఎప్పుడూ నీళ్లు తగలకుండా చూసుకునే బాధ్యత కూడా సాల్మన్‌కే అప్పగించారు.